వారానికి ఒక్క పీరియడ్ పిల్లల్ని మాట్లాడనివ్వండి: కర్ణాటక పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

ప్రభుత్వ బడిలో చదివే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ వారానికి ఒకసారైనా క్లాసులో లేచి రెండు నిమిషాలు మాట్లాడాలి. బట్టీ పట్టింది కాదు, సొంతంగా అనుకున్నది. దానికోసం టైంటేబుల్లో ఒక పీరియడ్ ఇప్పించండి. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇంతే. కన్నడంలో రాసిన ప్రతి మీ ఆఫీసుకి విడిగా పంపాను. ఇక్కడ తెలుగులో రాయడానికి కారణం, బెంగళూరులో మన ప్రభుత్వ బడులకి పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీరు వేసే అడుగుకి వాళ్ల మద్దతు కూడా కావాలి.

నేను కె.ఆర్.పురంలో ఉంటాను. శనివారాలు దగ్గర్లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పడంలో సాయం చేస్తుంటాను. కదిరి నుంచి, మదనపల్లె నుంచి, చింతామణి, ముళబాగిలు వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడ ఎక్కువ. తండ్రులు సెంట్రింగ్ పనికి, తల్లులు గార్మెంట్స్‌కి వెళ్తారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో తమిళం, హిందీ. అంగడి దగ్గర ఏ భాషలో బేరం ఆడాలో ఈ పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే పిల్లలు క్లాసులో పేరు పిలిచి లేపితే బెంచీ అంచు పట్టుకుని కిందికి చూస్తారు.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పర్యావరణం మీద మాట్లాడమంటే మొదటి వాక్యం దగ్గరే గొంతు పెగల్లేదు. వాళ్ల నాన్న మేస్త్రీ అని నాకు తెలుసు. ‘సరేనమ్మా, స్లాబ్ ఎట్లా వేస్తారో చెప్పు’ అన్నాను. తలెత్తింది. సెంట్రింగ్ కొట్టడం, కంబి కట్టడం, కాంక్రీట్ పోసేటప్పుడు వైబ్రేటర్ సరిగా పెట్టకపోతే లోపల గాలి నిలిచిపోయి బొక్కలు పడటం, అన్నీ వరసగా చెప్పింది. మర్నాడు చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాలని, ఎండకి తొందరగా ఆరిపోతే పగుళ్లు వస్తాయని కూడా చెప్పింది. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో కన్నడంలోకి మారి, తనకి తెలియకుండానే చేతులతో కొలతలు చూపిస్తూ మాట్లాడింది. వెనక బెంచీ అబ్బాయి ‘వాన పడితే నీళ్లు పెట్టే పని లేదా?’ అని అడిగాడు. కాసేపు ఆలోచించింది. ‘వాన ఎంత పడిందో చూడాల. నిలిచినాక ఎండొస్తే మళ్లీ పెట్టాల్సిందే’ అంది. క్లాసంతా వింది. ఒక్కరూ నవ్వలేదు.

ఆ అమ్మాయికి ధైర్యం లేదని అంతకుముందు టీచర్లు అనేవారు. తనకి తెలిసిన సంగతి గురించి అడిగేవాళ్లు లేకపోయారు, అంతే.

మన బడుల్లో ఉపన్యాసం అంటే ఏం జరుగుతోందో మీకు తెలియంది కాదు. ఆగస్టు 15, నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం, నవంబరు 14 వస్తున్నాయంటే టీచరు ఒక పేజీ రాసిస్తారు. బాగా చదివే ఇద్దరు దాన్ని వల్లె వేసి మైకు ముందు అప్పజెప్తారు. మిగిలినవాళ్లు ఎండలో వరసల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. ఏటేటా దాదాపు ఆ ఇద్దరే. బడిపిల్లలకి మీ శాఖ పెట్టే ప్రతిభా పోటీలు, ప్రతిభా కారంజి, మంచి కార్యక్రమం. క్లస్టర్ స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా పేద పిల్లలకి వేదిక ఇస్తోంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అది పోటీ. పోటీకి బడి నుంచి వెళ్లేది గెలుస్తారనుకున్న పిల్లలే. లెక్కల్లో వెనకబడిన పిల్లకి లెక్కలు చెప్పడం మానెయ్యం కదా. మాట దగ్గర మాత్రం వచ్చినవాళ్లకే మళ్లీ మళ్లీ అవకాశం ఇస్తున్నాం.

ఇది నేను కొత్తగా కోరుతున్న వరం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. పిల్లల్లో భయం, ఆందోళన పోగొట్టాలని, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా వాళ్లకి సాయపడాలని ఆ సెక్షన్ చెబుతుంది. బోధన వీలైనంత వరకు మాతృభాషలో ఉండాలన్నదీ అక్కడే ఉంది. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఉచ్చారణ తప్పిందని క్లాసు ముందు వెక్కిరించడం వేధింపు కాకపోతే మరేమిటి?

టైం లేదని అంటారు. నలభై మంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు రెండేసి నిమిషాలు మాట్లాడితే ఎనభై నిమిషాలు, నిజమే. నలుగురేసి చొప్పున పది గుంపులు చేసి కూర్చోబెడితే ఎనిమిది నిమిషాల్లో అందరి వంతూ అయిపోతుంది. ఆ తర్వాత ప్రతి గుంపు నుంచి ఒకరు లేచి, తను చెప్పింది కాకుండా పక్కనున్న పిల్ల చెప్పింది క్లాసుకి చెప్పాలి. అప్పుడు వినడం కూడా పాఠం అవుతుంది. చివర్లో ప్రశ్నలు. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇదంతా సరిపోతుంది. గోల అవుతుంది, అవనివ్వండి. పక్క క్లాసు టీచరు హెడ్‌మాస్టరుకి ఫిర్యాదు చేయకుండా ఉండాలంటే మాత్రం మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ కావాలి.

ఏ భాషలో మాట్లాడాలన్నది దీనంతటిలో పెద్ద విషయం. దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 2019లో రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు మొదలుపెట్టారు. తల్లిదండ్రులు సంతోషించారు. పిల్ల నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడితే రేపు మాల్‌లోనో ఆఫీసులోనో ఉద్యోగం వస్తుందని వాళ్ల ఆశ. ఆ ఆశ తప్పు కాదు. కానీ పుస్తకం ఇంగ్లీషులోకి మారినంత మాత్రాన పిల్ల నోరు విప్పదు. ఇంట్లో భాషలో ఒక సంగతిని మొదలు, మధ్య, చివర కుదిరేలా చెప్పడం వచ్చిన పిల్ల అదే సంగతిని కన్నడంలో చెప్పగలదు. తర్వాత ఇంగ్లీషులోనూ చెప్పగలదు. చెప్పడమే రాని పిల్లకి ఇంగ్లీషు వాక్యాలు ఎన్ని నేర్పినా ఇంటర్వ్యూలో ‘మైసెల్ఫ్’ దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఈ పీరియడ్‌లో మొదటి కొన్ని నెలలు పిల్లలు ఏ భాషలో మొదలుపెట్టినా ఆపకండి. తెలుగు, ఉర్దూ, తమిళం, ఏదైనా సరే. కన్నడం నేర్చుకోవద్దని నేను అనడం లేదు. ఈ నేల మీద బతుకుతున్నాం, కన్నడంలో నిలబడి మాట్లాడగలగడం మా పిల్లల హక్కు, బాధ్యత కూడా. అక్కడికి చేరాలంటే వాళ్లు ఇప్పుడున్న చోటి నుంచే మొదలుపెట్టాలి.

మార్కులు లేకపోతే ఏదీ నడవదని టీచర్లే చెప్పారు. ఎస్సెస్సెల్సీలో, అంటే పదో తరగతిలో, ప్రథమ భాషకి 125లో 25, మిగతా సబ్జెక్టులకి వందలో 20 ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి కదా, భాషలకి వాటిలో ఒక ఐదు దీనికి కేటాయించండి. సీబీఎస్ఈ బడుల్లో ఇంగ్లీషుకి వినడం, మాట్లాడటం మీద ఇలాంటి మార్కులు ఇప్పటికే ఉన్నాయి. అయితే యాసకి మార్కులు వద్దు. అనంతపురం యాసైనా, కోలారు యాసైనా తగ్గించకూడదు. ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పిందా, అడిగినదానికి సమాధానం ఇచ్చిందా అన్నది చూస్తే చాలు.

నత్తి ఉన్న పిల్లల విషయంలో తొందర వద్దు. వాళ్ల వాక్యాన్ని పక్కవాళ్లు పూర్తి చేయకుండా ఆగడం క్లాసు మొత్తానికి నేర్పాలి. మైసూరులో అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. టీచర్లకి రెండు రోజుల శిక్షణ వాళ్లతో ఇప్పించవచ్చు.

ప్రశ్నలు అడగడం గురించి కూడా చెప్పాలి. ఇళ్లలో మేమే పిల్లల నోరు మూయిస్తాం, ఎదురు మాట్లాడితే అధికప్రసంగి అంటాం. బడి కూడా అదే అంటే పిల్ల ఇంకెక్కడ నేర్చుకుంటుంది? మన అవధానాల్లో ప్రశ్న అడిగే పృచ్ఛకులకి కూడా వేదిక మీదే కుర్చీ వేస్తారు. ఈ నగరంలో విద్యావేత్త హెచ్. నరసింహయ్యగారు ప్రశ్నించకుండా ఏదీ ఒప్పుకోవద్దని జీవితాంతం చెప్పారు. 1962లో ఆయన మొదలుపెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరంలో మామూలు జనం శాస్త్రవేత్తల ప్రసంగాలు వినేవారు. 1945లో కన్నడ రచయిత డి.వి. గుండప్పగారు గోఖలే సార్వజనిక సంస్థని పెట్టింది కూడా పౌరులు ప్రజా విషయాలు కూర్చుని చర్చించుకోవాలనే. పెద్దలకి ఇంత చేసిన ఊరు ఇది, పిల్లలకి వారానికి ఒక పీరియడ్ ఇవ్వలేదా?

మన రాష్ట్రంలో పల్లె పిల్లలకి మక్కళ గ్రామసభ, అంటే పిల్లల గ్రామసభ, ఉంది. బడికి మరుగుదొడ్డి లేదనో, దారిలో లైటు వెలగడం లేదనో పంచాయతీవాళ్ల ముందే లేచి అడుగుతారు. బెంగళూరు పిల్లలకి అలాంటిది వార్డు స్థాయిలో ఎందుకు ఉండకూడదు? మా బడి ముందు వానాకాలంలో నీళ్లు మోకాళ్ల దాకా నిలుస్తాయి. దాని గురించి ఇంజనీరుకి నాకన్నా ఆ పిల్లలే బాగా చెప్పగలరు. నేర్చుకున్న మాటకి నిజంగా వినే మనిషి దొరికితే, ఆ పిల్లల్ని మళ్లీ మాట్లాడమని బతిమాలాల్సిన పని ఉండదు.

కొత్త భవనాలు, కంప్యూటర్లు ఏవీ దీనికి అక్కర్లేదు. వచ్చే జూన్‌లో ముందు బెంగళూరు ఉత్తర, దక్షిణ విద్యా జిల్లాల్లో ఆరు నుంచి తొమ్మిది తరగతులకి మొదలుపెట్టండి. జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకులతో టీచర్లకి శిక్షణ ఇప్పించండి. డిసెంబరులో ఏదో ఒక బడికి మీరే వచ్చి, ఆ పీరియడ్‌లో వెనక బెంచీలో కూర్చుని వినండి. వస్తున్నట్టు ముందుగా చెప్పకండి. చెబితే స్వాగతోపన్యాసం రాసిచ్చి ఇద్దరు పిల్లల చేత బట్టీ పట్టిస్తారు.

ఇట్లు,
కె.ఆర్.పురం నుంచి ఒక తెలుగు తల్లి