మూడో భాగం ముందు చేతికొస్తే

తల్లిదండ్రులకు నమస్కారం.

బతుకమ్మ, దసరా సెలవుల్లో చదువుకోవడానికి లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇస్తున్నాం. ఫాంటసీ నవలల అర దగ్గర ప్రతిసారీ ఒకటే తంతు. ఒకటో భాగం ఎవరింట్లోనో ఉంటుంది, అరలో మిగిలేవి మూడు, ఐదు. "ఒకటోది దొరుకతలేదు సార్, ఇదే తీస్కపోత" అంటారు పిల్లలు. మీరు చూసి "మొదలు చదవకుంటే ఇదేం సమజైతది" అని లాక్కోకండి. ఆ మాట కొన్ని సిరీస్‌లకే వర్తిస్తుంది.

భేతాళ కథలు ఎక్కడ తెరిచినా చదవచ్చు. కాశీమజిలీ కథల్లో మాత్రం ఒక మజిలీలో మొదలైన కథ తర్వాతి మజిలీల్లోకీ సాగుతుంది, నడుమ దూరితే దారి దొరకదు. ఇంగ్లీషు సిరీస్‌లలోనూ ఈ తేడా ఉంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నిజానికి ఒకే నవల. 1954, 55లలో మూడు సంపుటాలుగా వేశారు. రెండోదానితో మొదలుపెడితే సగం సినిమాకు వెళ్లినట్టే. హ్యారీ పాటర్ అలా కాదు. మొదటి మూడింటిలో ఏ పుస్తకం చిక్కుముడి ఆ పుస్తకంలోనే విడిపోతుంది కాబట్టి రెండోదో మూడోదో ముందు చదివినా కథ అందుతుంది. నాలుగో భాగం నుంచి ముడులు తర్వాతి పుస్తకాలకు పోతాయి, చావులు వస్తాయి, లావు కూడా పెరుగుతుంది: బ్రిటిష్ ముద్రణలో మూడోది 300 పేజీల పైచిలుకు, నాలుగోది 600 పైనే. ఐదో తరగతి పిల్లలు నాలుగో భాగంతో మొదలుపెడితే మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఈ బరువుకే, వరుస తప్పినందుకు కాదు.

తెలియని సిరీస్ అయితే మొదటి పది పేజీలు పక్కన కూర్చుని చూడండి. ఐదారు పేర్లు వచ్చి, వాళ్లెవరో ఒక్క వాక్యమైనా చెప్పకపోతే అది ఆగాల్సిన పుస్తకం.

అట్ట మీది అంకెను మాత్రం గుడ్డిగా నమ్మకండి. నార్నియా పుస్తకాలు ఏడు. 1950లో మొదట వచ్చింది 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. 1955లో ఆరోదిగా వచ్చిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ' అంతకు ముందు జరిగిన కథ చెబుతుంది కనుక ఇప్పటి ముద్రణల్లో దానికే 1 అని వేస్తున్నారు. 'వార్డ్‌రోబ్' పుస్తకంలో లూసీ అనే పాప బట్టల బీరువాలోకి దూరి, వేలాడే కోట్లు తప్పించుకుంటూ పోతే కాళ్ల కింద మంచు తగులుతుంది, అడవి నడుమ ఒక దీపస్తంభం వెలుగుతుంటుంది. ఆ స్తంభం అక్కడికెలా వచ్చిందో, ఆ బీరువా ఏ చెక్కతో చేశారో 'నెఫ్యూ'లో ఉంది. అది ముందే చదివినవాళ్లకు ఆ మంచులో ఆశ్చర్యమేమీ మిగలదు. అందుకే మన లైబ్రరీలో ప్రచురణ వరుసలోనే స్టిక్కర్లు అంటించాం. ఇంట్లో మీరే చూసుకోవాలంటే శీర్షిక పేజీ తిప్పండి. వెనక సన్నటి అక్షరాల్లో మొదటి ప్రచురణ సంవత్సరం ఉంటుంది. దాని దగ్గర్లోనే ఉండే పునర్ముద్రణ సంవత్సరంతో కలపొద్దు.

కొనేటప్పుడు ఇంకో మెలిక. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం బ్రిటన్‌లో 'ఫిలాసఫర్స్ స్టోన్', అమెరికాలో 'సార్సరర్స్ స్టోన్'. ఫిలిప్ పుల్‌మన్ ఫాంటసీ నవల 'నార్తర్న్ లైట్స్' అమెరికాలో 'ది గోల్డెన్ కంపాస్' అయింది. పాత పుస్తకాల దుకాణంలో రెండూ కనబడితే రెండు భాగాలనుకుని డబ్బులు పెట్టకండి.

ఇప్పటికే నడుమ మొదలుపెట్టి లీనమైపోయిన పిల్లల్ని ఆపొద్దు. కొత్త పేరు వచ్చినప్పుడల్లా బుక్‌మార్క్ చీటీ మీద రాసుకోమనండి. పదిహేను పేర్లు దాటవు. ఆ భాగం అయ్యాక ఒకటోదానికి రానివ్వండి, నాలుగోదానికి కాదు. ముందు జరిగిన కథ కోసం ఫోన్‌లో వెతకనివ్వకండి. అక్కడ మొదటి పేరాలోనే ఎవరు చనిపోయారో రాసి ఉంటుంది.

ఒకటో భాగం కావాల్సినవాళ్లు లైబ్రరీ రిజిస్టర్ చివరి పేజీలో పేరు రాయించాలి. పుస్తకం తిరిగి రాగానే ఆ వరుసలోనే ఇస్తాం. సెలవుల్లో హన్మకొండ ప్రాంతీయ గ్రంథాలయానికి వెళ్తే ఏ భాగం కావాలో చీటీ మీద పేరుతో సహా రాసుకుని వెళ్లండి. తెలుగు కథలకైతే 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఊళ్లోనే ఉంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు