పక్షులను ఎగరగొట్టి తీసిన ఫొటోలు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వచ్చాయంటే చాలు, సూళ్లూరుపేట పక్షుల పండుగ వార్తతో పాటు తెలుగు పత్రికల్లో దాదాపు ఒకే తీరు ఫొటో పడుతుంది: నీళ్ల మీద నుంచి వందల పక్షులు ఒక్కసారిగా లేచిన ఫొటో. కడపలో మా ఇంట్లోనూ అటువంటి ఫొటో ఒకటి కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్నాం. మొన్నటి చలికాలంలో అక్కడికి వెళ్లి వచ్చాక దాన్ని పీకేశాను. ఎందుకు పీకేశానో మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

రాజంపేట, కోడూరు, రేణిగుంట, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరి, మరునాడు తెల్లవారకముందే మా బావమరిదితో కలిసి శ్రీహరికోట రోడ్డు పట్టాను. అటకానితిప్ప దగ్గర బండి ఆపి, రోడ్డు దిగి, నీటి అంచు వెంబడి కొంత దూరం నడిచాం. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనని బడిలో చదువుకున్నానే గాని, ఆ వైపు చాలా భాగం మోకాలి లోతు కూడా ఉండదని అక్కడ నిలబడేదాకా నాకు తెలియదు. కాళంగి, ఆరణి వంటి ఏర్లు తెచ్చే మంచినీరూ, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరూ కలిసే ఆ సరస్సులో నీరు వెనక్కి తగ్గిన చోటల్లా బురద ఆరి, పైన తెల్లగా ఉప్పు పొర కట్టి ఉంది. మా సీమలో చౌడు నేల చూసినవాళ్లకు ఆ తెలుపు కొత్త కాదు, వాసనే కొత్త. ఆ నేల మీద కండపట్టిన ఆకులతో ఎర్రబారిన చిన్న మొక్కలు పాకి ఉన్నాయి; ఒక ఆకు కొరికి చూస్తే అదీ ఉప్పగానే ఉంది.

పిచ్చుకంత ఉండే ఒడ్డు పిట్టలు, ఉల్లంకులు, నారు నాటే కూలీల మాదిరి వరుసగా వంగి బురదను పొడుచుకుంటూ పోతున్నాయి. వాటికి కాస్త లోపల, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ల మీద నల్లరెక్కల పిట్టలు నిలబడి ఉన్నాయి. ముక్కు పొడవును బట్టి ఒక్కో జాతి ఒక్కో లోతులోని పురుగును అందుకుంటుంది కాబట్టి అంత చిన్న చోటులోనూ వాటికి తగువు లేదు. ఇంకా లోపల ఫ్లెమింగోలు మేస్తున్నాయి. ఫ్లెమింగో తలను తలకిందులుగా ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచున జల్లెడలా ఉండే పలకలతో నాచునూ సన్నటి రొయ్య జాతి పురుగులనూ వడకట్టి తింటుంది. ఒంటి మీది గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చేదే. ఒకటి మాత్రం ముక్కును అక్కడే ఉంచి, దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కుతోంది. మా అవ్వ గోడలు మెత్తడానికి మట్టి తొక్కడం గుర్తొచ్చింది.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, “దగ్గరికి పోతే లేస్తాయి సార్. ఈడ్నే కూచోండి, అయ్యే దగ్గరికొస్తాయి” అన్నాడు. కూర్చున్నాం. అరగంటకు గుంపు మేసుకుంటూ మా వైపు సగం దూరం వచ్చేసింది.

అప్పుడు రోడ్డు మీద ఒక కారు ఆగింది. దిగినవాళ్లు ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత హారన్ మోగించారు, చివరికి డ్రోన్ లేపారు. మొదట మెడలన్నీ నిక్కాయి, మేత ఆగింది, అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలుపెట్టి, నడక పరుగై, లేచాయి. నలుపూ గులాబీ కలిసిన ఆ రెక్కల వరుసకు నేనూ “అబ్బ” అన్నాను, ఫోనూ ఎత్తాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. మేం మరో గంట కూర్చున్నా గుంపు ఆ చోటికి తిరిగి రాలేదు.

పక్షులు అంత దూరం వచ్చేది ఆ మేత కోసం. ఉల్లంకులు ఎండలు ముదిరే వేళకు ఉత్తరాన ఉన్న చల్లటి దేశాలకు వేల కిలోమీటర్లు ఎగిరిపోవాలి, దానికి ఒంట్లో కొవ్వు పట్టాలి. ఒక్కోసారి బెదిరి లేచినప్పుడల్లా తిన్నదాంట్లో కొంత వృథా. పులికాట్ వంటి అభయారణ్యంలో వన్యప్రాణులను వేధించకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. అక్కడికి దగ్గర్లోనే, 1976లో అభయారణ్యమైన నేలపట్టులో జనం కట్ట మీదా మంచె మీదా ఉండి చూస్తారు, గూడబాతులు (పెలికాన్లు) తమ పాటికి తాము చెట్ల మీద పిల్లలను సాకుతుంటాయి. (ఆ చెట్టును అక్కడివాళ్లు కడప చెట్టు అంటుంటే మా ఊరి పేరు విన్నట్టయి నవ్వొచ్చింది.)

మా జిల్లాకూ ఇటువంటి అనుభవం ఒకటి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో సిద్ధవటం వైపు లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట దీపపు వెలుగులో చేతికి చిక్కిన ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. పట్టుకున్నవాళ్ల ఉద్దేశం మంచిదే, ఆ పిట్ట వల్లే దాని ఉనికి లోకానికి తెలిసింది. అయినా ఆ ముగింపు నాకు మింగుడుపడదు.

ఎగిరే ఫొటోలన్నీ బెదిరించి తీసినవేనని నేననను. గద్ద నీడ పడితే అవే లేస్తాయి, దాని కోసం రోజుల తరబడి కాచుకుని కూర్చునే ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. కానీ పాఠకుడికి ఆ తేడా తెలిసే దారి లేదు. వాడు అచ్చులో చూసిన దృశ్యమే ఒడ్డున కావాలనుకుంటాడు, కనబడకపోతే హారన్ కొడతాడు. కాబట్టి డ్రోన్‌తో తీసినవి వేయకండి. మిగిలినవాటి కింద ఎంత దూరం నుంచి, ఎలా తీశారో అడిగి ఒక వాక్యం వేయండి. మేస్తున్న పక్షుల ఫొటోలకూ మొదటి పేజీలో చోటివ్వండి.

కారు రాకముందు ఫోనుతో తీసినదొకటి దీనికి జత చేస్తున్నాను. అంత బాగా రాలేదు. పక్షుల తలలన్నీ నీళ్లలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కడప