కిరణ్‌కు అమ్మ ఉత్తరం

మల్కాజిగిరి,
హైదరాబాద్

చిరంజీవి కిరణ్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. వెనక వీధిలో మళ్ళీ రోడ్డు తవ్వారు. తాతయ్య తిథి కార్తీకంలో వస్తుంది, ఆఫీసులో సెలవు సంగతి ఇప్పుడే చెప్పి పెట్టుకో.

నీ పాలసీ కాగితం స్కాన్ చేసి మెయిల్‌లో పంపితే తిరిగి వచ్చింది. నీ గూగుల్ ఖాతాలో చోటు లేదట. పోయిన ఏడాది డబ్బు కట్టి 100 జీబీ చోటు తీసుకున్నావు కదా, దాన్ని ఆపేశావా? నెలకు 130 రూపాయలు. పని ఒత్తిడిలో మరిచిపోయి ఉంటావులే అనుకున్నాను. అంతలో సుధ వచ్చి, నువ్వు నీ కంపెనీలో ఉద్యోగం మానేశావని ఎవరో అన్నారని చెప్పింది. నేను పట్టించుకోలేదు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే లెక్క. పెళ్ళిళ్ళ వీడియోలన్నీ దాచుకుంటే నిండక ఏమవుతుంది? డబ్బు కట్టడం ఆపినంత మాత్రాన ఉన్నవి వెంటనే పోవు, కొత్తవి ఎక్కవు, అంతే. కానీ చోటు మించిన ఖాతాను రెండేళ్ళు అలాగే వదిలేస్తే అందులోవి తీసెయ్యవచ్చని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది.

రామంతాపూర్ బాబాయి సంగతి నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు నువ్వు పుణెలో ఉన్నావు. 2020 అక్టోబరు వానలకు వాళ్ళ ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. బాబాయి ఎంత జాగ్రత్త మనిషో తెలుసు కదా, కంప్యూటర్‌లో ఉన్నవన్నీ విడిగా ఒక హార్డ్ డిస్కులో కూడా పెట్టుకున్నాడు. ఆ డిస్కును అదే బల్ల కింది సొరుగులో ఉంచాడు. రెండూ మునిగాయి. పిన్ని ముందు బియ్యం డ్రమ్ము ఎత్తింది, తర్వాత పట్టుచీరలు, తర్వాత మామ్మగారిని మేడ మీదికి ఎక్కించారు. కంప్యూటర్ ఎవరికి గుర్తుంటుంది? బురద తగ్గాక బాబాయి ఆ డిస్కును గుడ్డలో చుట్టుకుని ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ కొట్ల సముదాయానికి తీసుకెళ్ళాడు. ఒక కొట్టులో కుదరదన్నారు, ఇంకో కొట్టులో విప్పి చూసి వెనక్కి ఇచ్చేశారు. తాతయ్య షష్టిపూర్తి వీడియో, నీ అక్షరాభ్యాసం ఫోటోలు అందులోనే ఉన్నాయి. మిగిలినవల్లా పిన్ని ఫోను నుంచి గూగుల్ ఫోటోస్‌లోకి తమంతట తాము చేరినవే. అప్పట్లో కాస్త నాణ్యత తగ్గించి దాచుకుంటే ఎన్నైనా ఉచితం. 2021 జూన్ 1 నుంచి ఆ సౌకర్యం పోయింది. ముఖ్యమైనది ఇంట్లో ఒక చోట, ఇంటికి బయట ఇంకో చోట ఉండాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

నీకూ చెబుతున్నాను. ఆఫీసు వాళ్ళిచ్చిన వన్‌డ్రైవ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ దాపులో, సొంత కాగితాలు పెట్టకు. ఉద్యోగం మారితే ఆ ఖాతా వాళ్ళది, నీది కాదు. డిగ్రీ సర్టిఫికెట్లు, జీతం కాగితాలు అక్కడేమైనా ఉంటే ఈ రోజే నీ సొంత ఖాతాలోకి మార్చుకో. ఇప్పటికే మానేసి ఉంటే వాటిని తీసుకున్నావో లేదో చెప్పు, నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకొకటి, ఫోనులో చోటు కోసం గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఫోటో తీసేస్తే గూగుల్ ఖాతాలో దాచినదీ పోతుంది. 60 రోజులు బిన్‌లో, అంటే చెత్తబుట్టలో, ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. ఫోనులో చోటు మాత్రమే కావాలంటే దానికి వేరే మీట ఉంది, అది నొక్కు.

సుధ ఐఫోన్ కొనుక్కుని, యాపిల్ వాళ్ళు ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ చోటు చాలడం లేదని అంటోంది. నీకు ఆ గొడవ లేదు, ఫోనూ ల్యాప్‌టాపూ రెండింటిలోనూ గూగుల్ పని చేస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లో 1 టీబీ, అంటే దాదాపు వెయ్యి జీబీ, ఇస్తారు కానీ వర్డ్, ఎక్సెల్ సొంతంగా కావలసినవాళ్ళకే అది గిట్టుబాటు. నీకెందుకు?

అందుకని నేనే గూగుల్‌లో 200 జీబీ తీసుకున్నాను. ఏడాదికి ఒకేసారి కడితే 2,100. నాతో పాటు ఇంకో ఐదుగురు వాడుకోవచ్చు, ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనబడవు. నువ్వు ఏమి దాచుకున్నావో నేను చూడను. నాన్నగారికి చెప్పవలసిన పని కూడా లేదు, నా పెన్షన్‌లోంచి కట్టాను. ఆహ్వానం మెయిల్‌లోనే వస్తుంది కాబట్టి ముందు నీ పెట్టెలో చోటు చెయ్యి. పెద్ద వీడియోలు కంప్యూటర్‌లోకి దించుకుని తీసెయ్యి, బిన్ కూడా ఖాళీ చెయ్యి, అందులో ఉన్నవీ లెక్కలోకే వస్తాయి. అయ్యాక ఒక్క మాట ఫోను చేసి చెప్పు, పంపిస్తాను. మెసేజీ కాదు, ఫోను.

డబ్బు ఏమైనా ఇబ్బందిగా ఉంటే అదే ఫోనులో చెప్పు.

ఆవకాయ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. రాగానే గాజు సీసాలోకి మార్చు. తడి చెంచా పెట్టకు.

మీ అమ్మ