కాన్పు జరిగిన చోటే పసిబిడ్డకు చెవి పరీక్ష చేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను దేవరకొండ మండలంలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌కు వచ్చే ఒక పాపకు మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగేది కాదు. పక్కనే తలుపు ధడాలున పడితే మాత్రం ఆ అదురుకు ఉలిక్కిపడేది. ఇంట్లో చెబితే, "వాళ్ల నాయనకు గూడ మాటలు లేటుగనే వచ్చినయ్ టీచరమ్మా, ఏం గాదు" అన్నారు. వాళ్లది మేనరికం. పుట్టు చెవుడుకు అదీ ఒక కారణమని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

చివరికి హైదరాబాద్‌లో బెరా పరీక్ష చేయించారు. పాపను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి, చెవిలో పెట్టిన శబ్దం మెదడు దాకా చేరుతోందా లేదా అని చూశారు. రెండు చెవులూ వినపడవని తేలింది.

ఇంటివాళ్లను నేను తప్పు పట్టను. వినపడని బిడ్డ కూడా నవ్వుతుంది, మొదటి నెలల్లో ఊ కొడుతుంది. ఎవరు మాత్రం కనిపెట్టగలరు?

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయ ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) ప్రొఫెసర్ మారియన్ డౌన్స్ సరిగ్గా ఈ మాటే పట్టుకుని జీవితమంతా పోరాడారు. 1960లలోనే డెన్వర్ ఆసుపత్రుల్లో వాలంటీర్లతో పసిబిడ్డల దగ్గర శబ్దం చేయించి, కదలికలు గమనింపజేశారు. ఆ పద్ధతి నమ్మకంగా లేదని తేలితే దాచలేదు. దీన్ని తేల్చడానికి జాతీయ కమిటీ కావాలని ఆమే అడిగితే 1969లో అది ఏర్పడింది. తర్వాత యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు అక్కడ దాదాపు ప్రతి బిడ్డకూ పుట్టగానే ఈ పరీక్ష చేస్తున్నారు. ఆమె నూరేళ్లు బతికి 2014లో కన్నుమూశారు.

నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా వైద్యం, శిక్షణ. నిపుణులు చెప్పే లెక్క ఇది. మా పాప విషయంలో మొదటి మెట్టుకే మూడేళ్లు పట్టింది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కేంద్రం దివ్యాంగుల పరికరాల కోసం నడిపే ఏడిప్ పథకం కింద చేయించే కాక్లియర్ ఇంప్లాంట్‌కు (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరానికి) ఐదేళ్ల వయసే గడువు. చెవి మిషనైనా, ఇంప్లాంటైనా, సైగల భాషైనా మాటలు నేర్చే వయసు దాటకముందే అందాలి కదా! దివ్యాంగులకు నెలకు 4,016 రూపాయల పింఛను ఇస్తున్నారు, సంతోషం. దానికంటే ముందు పరీక్ష రావాలి.

పసిబిడ్డ చెవి పనిచేస్తోందా లేదా అని మొదట చూసే ఓఏఈ అనే పరీక్షకు నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెడితే చాలు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నల్లగొండ జిల్లాలో కాన్పులు చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మిషను, దాన్ని వాడటం నేర్చిన మనిషి ఉండాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. తల్లీబిడ్డల కార్డులో టీకాల పక్కనే ఆ ఫలితం కూడా రాయాలి. కార్డు చూసి ఏ బిడ్డను మళ్లీ చూపించాలో ఇంటింటికీ వెళ్లి చెప్పే పని మా అంగన్‌వాడీలకు, ఆశా అక్కలకు అప్పగించండి, మేం చేస్తాం.

— ఒక అంగన్‌వాడీ టీచర్,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా