పాత కంప్యూటర్లను తుక్కుకు వేసే ముందు: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రివర్యులు శ్రీ నారా లోకేశ్ గారికి,

నమస్కారం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారదామంటే 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో ప్రాసెసర్ ఉండాలి. సర్కారు బడుల ల్యాబుల్లో దుమ్ము పట్టిన పాత కంప్యూటర్లకు ఇవన్నీ ఎక్కడివి? వాటిని కండెమ్ చేసి, స్టాక్ రిజిస్టరులో కొట్టేసి, తుక్కు కింద అమ్మే కాగితాలు ఎప్పుడైనా కదలవచ్చు. వాటి మీద సంతకాలు పడకముందే, ఆ యంత్రాలను తేలికపాటి ఉచిత లైనక్స్‌తో మళ్లీ నడపవచ్చన్న మాట మీ చెవిన వేయాలని రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. మా ల్యాబులో ఉన్నవి 2 జీబీ ర్యామ్ యంత్రాలు. ఒకప్పుడు అవి తెరుచుకునేలోపే పీరియడ్‌లో సగం గడిచిపోయేది. ఇప్పుడు విండోస్ బదులు, బాగా నీరసించిన వాటిలో యాంటీఎక్స్, మిగతా వాటిలో ఎంఎక్స్ లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంలు నడుస్తున్నాయి. పిల్లలు జియోజెబ్రా అనే లెక్కల ప్రోగ్రాంలో త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని లాగి, మూడు కోణాల మొత్తం మారడం లేదని కళ్లారా చూస్తున్నారు. ఎక్సెల్ లాంటి లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో తమ క్లాసు మార్కుల సగటు తామే కడుతున్నారు. చిన్న తరగతుల వాళ్లు బొమ్మలు గీసే టక్స్ పెయింట్ వదలరు. ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్లకు మా బడి తరఫున చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇవి తేలిగ్గా ఎందుకు నడుస్తాయో మీ శాఖ ఇంజనీర్లు ఎలాగూ చెబుతారు. అయినా క్లుప్తంగా నేనూ చెబుతాను. యాంటీఎక్స్‌లో తెర మీద కిటికీలను ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న ప్రోగ్రాం చూసుకుంటుంది. హంగులు లేవు, అడక్కుండా వెనక నడిచే పనులు బహు తక్కువ. బూట్ అయ్యాక రెండు మూడు వందల ఎంబీలతో సరిపెట్టుకుని, మిగతా ర్యామ్‌ను పిల్లవాడి పనికి వదిలేస్తుంది. ఎంఎక్స్‌లో ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ కాస్త ఎక్కువే తీసుకుంటుంది గానీ, విండోస్‌కు అలవాటుపడిన చేతికి అందులో కొత్త అనిపించదు. కింద స్టార్ట్ మెనూ లాంటిదే ఉంటుంది, ఫోల్డర్లు అలాగే తెరుచుకుంటాయి. దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండానే నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే పాత విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. ప్రభుత్వ ఆస్తికి ఏమవుతుందోనని భయపడే హెడ్మాస్టర్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

యాంటీఎక్స్‌కు పునాది వేసింది గ్రీసులో. ఆ బృందం, మెపిస్ అనే పాత లైనక్స్ బృందం చేతులు కలిపితే 2014లో ఎంఎక్స్ పుట్టింది. రెండింటికీ ఆధారం డెబియన్ అనే లైనక్స్. పాత యంత్రం కొత్తగా ఎవరికీ లాభం తెచ్చిపెట్టదు. అయినా ఈ స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి దాని మీద పరీక్షలు చేస్తూ, దోషాలు దిద్దుతూ ఉన్నారు. మన పల్లె పిల్లల ముఖం వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

చిక్కులూ ఉన్నాయి, దాచను. ఆపరేటింగ్ సిస్టం తేలికైనంత మాత్రాన ఇంటర్నెట్ తేలికైపోదు. బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిస్తే 2 జీబీ యంత్రం ఆయాసపడుతుంది. వీడియో పాఠాలకు ఇవి పనికిరావనే చెప్పాలి. అందుకే కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియాను ఆఫ్‌లైన్‌లో పెట్టుకున్నాం. నెట్ లేని రోజు కూడా పిల్లలు వెతుక్కుని చదువుతారు. ఇక 2008 తరవాతి యంత్రాల్లో చాలావాటిలో 32 బిట్ విండోస్ ఉన్నా, లోపలి ప్రాసెసర్ మాత్రం 64 బిట్‌దే, ఇప్పటి లైనక్స్‌కు సరిపడేదే. అది చూసుకోకుండానే పనికిరావని తీర్మానించేస్తున్నారు. నిజంగా 32 బిట్‌వే అయిన వాటికి మాత్రం దారి ఇరుకవుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఆలస్యమయ్యే కొద్దీ అలాంటి యంత్రాలకు అవకాశాలు తగ్గిపోతాయి.

అసలు పెద్ద అడ్డంకి ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. ఆఫీసు సర్క్యులర్లు, ప్రశ్నపత్రాలు ఇంకా వాటిలోనే వస్తుంటే, లైనక్స్‌లో తెరిచినప్పుడు తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇది లైనక్స్ తప్పు కాదు. అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లో మల్లన్న, గిడుగు, గురజాడ, రామభద్ర వంటి చక్కని ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిద్ధంగా ఉంది. మీ రెండు శాఖల్లోనైనా ప్రతి కాగితం యూనికోడ్‌లోనే వెళ్లాలని మీరు ఒక్క మాట అంటే సగం దారి సాఫవుతుంది.

మన దక్షిణాదిలోనే కేరళ 2001లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ@స్కూల్ ప్రారంభించింది. అదే 2017లో కైట్ సంస్థ అయింది. అక్కడి పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే ఐటీ నేర్చుకుని, పదో తరగతిలో ఆ ప్రాక్టికల్ పరీక్ష రాస్తారు. ఉద్యోగానికి విండోస్ తెలియాలి కదా అని మన తల్లిదండ్రులు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. కానీ వర్డ్‌లో పట్టిక వేయడం, లిబ్రే ఆఫీస్ రైటర్‌లో పట్టిక వేయడం వేర్వేరు విద్యలు కావు. కంప్యూటరే ముట్టుకోని పిల్లవాడికి రెండూ రావు. ఇందులో మనం ఎవరినీ కొత్తగా ఒప్పించాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ వాడకానికి కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వారు తయారుచేసిన బాస్ లైనక్స్ ఉంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తేవడానికి స్వేచ్ఛ సంస్థ 2005 నుంచీ పాటుపడింది, బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛను తయారుచేసింది.

నేను కొత్త కంప్యూటర్లు ఇవ్వొద్దనడం లేదు. తప్పకుండా ఇవ్వండి. అవి వచ్చేదాకా, వచ్చాక కూడా, పాతవి పనిచేస్తే ఇద్దరు పిల్లలకు ఒక కంప్యూటర్ చొప్పున కూర్చోబెట్టగలం. ఇప్పుడు ఐదారుగురు ఒకే తెర మీద వంగి చూస్తుంటే మౌస్ ఎప్పుడూ గట్టి పిల్లల చేతిలోనే ఉంటోంది. వెనక నిలబడేది ఎక్కువగా ఆడపిల్లలే.

అందుకని, కండెమ్ చేసే ముందు ప్రతి యంత్రాన్నీ తేలికపాటి లైనక్స్‌తో ఒకసారి బూట్ చేసి చూడాలని ఉత్తర్వు ఇప్పించండి. ఆపరేటింగ్ సిస్టం మార్చిన హెడ్మాస్టరుకు ఆడిట్‌లో అభ్యంతరం రాదని అందులోనే రాయించండి. నూటికి తొంభై మంది వెనకాడేది అక్కడే అని నా నమ్మకం. తెలుగు ఫాంట్లు, కీబోర్డు, మన సిలబస్‌కు సరిపడే ప్రోగ్రాములు కలిపి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇన్‌స్టాల్ చేసుకోదగ్గ ఒక ఐఎస్‌ఓ ఫైలును రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) తయారు చేయించి అన్ని మండలాలకూ పంపాలి. వేసవి సెలవుల్లో మండలానికి ఒకరిద్దరు టీచర్లకు శిక్షణ ఇస్తే చాలు. ఇప్పటికే సొంతంగా నేర్చుకుని బడిలో నడుపుతున్న టీచర్లు అక్కడక్కడా ఉన్నారు. శిక్షణ ఇచ్చే బాధ్యత వాళ్లకే అప్పగించండి, మీరు పిలిస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు