గోండి పలికే పెద్దలకు అంగన్‌వాడీలో చోటివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభమైన కుమ్రం భీం ఆదివాసీ భవనాన్ని చూసి సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. అయితే ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండు పిల్లలు ఇంటి భాషను బడి గడప బయటే వదిలి లోపలికి వెళ్లాల్సి వస్తున్నంత కాలం రాజధానిలో ఎన్ని భవనాలు కట్టినా ఆ గౌరవం సగమే అవుతుంది.

ఆదివాసీల సంస్కృతిని ఇలా బయటికి నెట్టిన కథ కెనడాలోనూ ఉంది. అక్కడి ప్రభుత్వం మిషనరీల ఒత్తిడితో 1885 నుంచి పసిఫిక్ తీరపు ఆదివాసీల పాట్లాచ్ అనే కానుకల పండుగను నిషేధించింది. 1921లో పసిఫిక్ తీరంలోని ఒక దీవిలో చాటుగా ఆ పండుగ జరుపుకున్న క్వాక్వాకావాక్వ్ అనే ఆదివాసీ ప్రజలపై ప్రసంగించినందుకు, నాట్యమాడినందుకు, కానుకలు పంచినందుకు కేసులు పెట్టి, ముఖతొడుగులనూ రాగి ఫలకాలనూ లాక్కున్నారు. దశాబ్దాల తరబడి ప్రభుత్వ సొమ్ముతో చర్చిలు నడిపిన ఆవాస పాఠశాలలు లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేశాయి. క్వాక్వాకావాక్వ్ జాతి ఊరుకోలేదు. నిషేధం 1951లో తొలగాక పట్టువదలకుండా అడిగి, 1980లో అదే తీరంలోని అలర్ట్ బేలో ఉమిస్తా సాంస్కృతిక కేంద్రాన్ని తెరిచి, తమ సొత్తులో చాలావరకు వెనక్కి తెచ్చుకుంది. ఇంతకాలం బంధించినవాటిని మళ్లీ బంధించకూడదని ఆ ముఖతొడుగులను అద్దాల పెట్టెల్లో పెట్టకుండా బయటే ఉంచారు.

ఇక్కడ గోండులను అణచింది మిషనరీలు కాదు, నిజాం కాలపు అటవీ ఆంక్షలు. జోడేఘాట్‌లో 1940లో భీం ప్రాణమిచ్చింది వాటిని ఎదిరించే. తర్వాత వచ్చిన మన బడి కొరడా పట్టలేదు గానీ, గోండి భాషకు తగిన చోటివ్వలేదు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో, కంప్యూటర్లలో లిపుల ప్రమాణమైన యూనికోడ్‌లో స్థానం దక్కింది కాబట్టి లిపి లేదన్న సాకూ ఇక చెల్లదు.

న్యూజీలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలు 1982లో కోహంగా రేయో పేరిట శిశు కేంద్రాలు తెరిచి, మావోరీ భాష ధారాళంగా మాట్లాడే ముసలివాళ్లకే పసిపిల్లలను అప్పగించారు. 1987లో ఆ భాష అధికార భాషైంది. మనకు అంగన్‌వాడీలు ఇప్పటికే ఉన్నాయి, గోండి పలికే అవ్వలూ తాతలూ ఉన్నారు. ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని గోండు గూడేల్లో ప్రతి అంగన్‌వాడీకీ అలాంటి పెద్దలొకరిని గౌరవ వేతనంతో నియమించాలనీ, మూడో తరగతి వరకు గోండిలో బోధించాలనీ, ఆ పాఠాల తయారీని ఆయా గూడేల పెద్దలకే వదిలిపెట్టాలనీ, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపు ఉత్తర్వులు జారీ చేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడొకరు