నాణెం దొరికితే చూపించే చోటేది?

సంపాదకుడికి,

అయ్యా,

ఇంటి పునాది తవ్వుతుంటేనో, చెరువు పూడిక తీస్తుంటేనో పాత నాణేలు బయటపడ్డాయన్న వార్తలు మన పత్రికల్లో అప్పుడప్పుడు వస్తుంటాయి. శీర్షికలో ‘లంకె బిందెలు’ అనో, ‘కోట్ల విలువ’ అనో తప్పకుండా ఉంటుంది. పోలీసులు వచ్చారు, రెవెన్యూ వాళ్ళు పంచనామా చేశారు, అంతటితో వార్త అయిపోతుంది. ఆ నాణేలు ఏ రాజువి, ఏ లోహానివి, చివరికి ఎక్కడికి చేరాయి అన్నది తర్వాత ఎవరూ రాయరు. పాత నాణేలు సేకరించడం, అవి ఎవరివో పోల్చుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న సరదా కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు రాస్తున్నాను.

శాతవాహనుల నాణేలంటే బంగారం అనుకుంటారు చాలామంది. వాళ్ళు ఎక్కువగా వాడింది సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం. సీసం నాణెం మట్టిలోంచి వచ్చినప్పుడు తెల్లటి పొర కట్టిన బిళ్ళలా ఉంటుంది, పారేయబుద్ధవుతుంది. పరీక్షగా చూస్తే ఒకవైపు తొండమెత్తిన ఏనుగు కనబడుతుంది. రెండోవైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు. పండితులు దాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు. అంచు వెంబడి ఆనాటి లిపి అయిన బ్రాహ్మీలో అక్షరాలు ఉంటాయి. అయితే అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందువల్ల చాలా నాణేల మీద పేరు మొత్తం పడదు. ఒకదాని మీద ‘రఞో’ వరకే ఉంటుంది, మరోదాని మీద నడుమ ‘సిరి యఞ’, ఇంకోదాని మీద తోక మాత్రం. అలాంటివి పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో కూర్చుంటే అప్పుడు ‘రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస’ అని పూర్తవుతుంది. ‘రఞో’ అంటే రాజుగారి అని. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణిది అన్నమాట. ఒక్కచోట దొరికిన నాణేలను తలా ఒకటి పంచుకుంటే ఇక ఆ పేరు చదవడం కుదరదు. ఇత్తడి చెంబులా తళతళలాడాలని చింతపండు పెట్టి తోమితే అక్షరాలే మిగలవు.

సరదాకి ఏరిన నాణేలు చరిత్రను ఎంత మార్చగలవో కోటిలింగాల చూస్తే తెలుస్తుంది. జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఊరది. అక్కడ నేల మీద దొరికిన నాణేలు శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి చేతికి చేరాయి. వాటిలో శాతవాహన వంశానికి మూలపురుషుడిగా పురాణాలు చెప్పే సిముకుడి నాణేలు ఉన్నాయి. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లతోనూ నాణేలున్నాయి. ఈ రాజులు ఒకప్పుడు ఉన్నారని మనకు చెప్పింది ఆ నాణేలే. పురావస్తు శాఖ తవ్వకాలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఆ బిళ్ళలు ఏ పాత సామాన్ల కొట్టుకో తూకానికి వెళ్ళుంటే అంతే సంగతులు.

నాణెం ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటూ అంతే ముఖ్యం. నన్నయ భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు బర్మా తీరంలో, అరకాన్ దగ్గరి చెదుబా దీవిలో దొరికాయి. మన తీరానికీ ఆ తీరానికీ రాకపోకలున్నాయని చెప్పేది ఆ చోటే. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. అన్నీ శాతవాహనులతో పోరాడిన క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి మళ్ళీ తన ముద్ర కొట్టించాడు. ఓడిన రాజు డబ్బు గెలిచిన రాజు చేతిలోకి ఎలా వచ్చిందో అంత స్పష్టంగా చెప్పే శాసనం ఇంకోటి ఉందా? రాశి మొత్తం ఒక్కచోట ఉండబట్టే ఆ లెక్క తేలింది.

ఇక చట్టం. నిక్షేపాల చట్టం 1878 నాటిది. 10 రూపాయలకు మించిన విలువున్నది భూమిలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. ఈ సగం అందరికీ తెలుసు, టెన్షన్ దీనివల్లే. రెండో సగం ఎవరూ చెప్పరు. సొంతదారు లేడని తేలి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం ధరకు అందులో ఐదో వంతు కలిపి ఇస్తుంది. బంగారమైతే సరే. బిందెడు సీసం నాణేలకు సీసం ధర కట్టిస్తే, ఆఫీసుల చుట్టూ తిరిగిన బస్సు చార్జీలైనా వస్తాయా? దీన్ని మార్చాలి.

చూపించే చోటు లేనప్పుడు మోసగాళ్ళు దుకాణం తెరుస్తారు. హనుమంతుడి బొమ్మ, 1818 సంవత్సరం ఉన్న ఈస్టిండియా కంపెనీ రాగి అణా అంటూ, అది బియ్యాన్ని లాగుతుందంటూ లక్షలు గుంజే ముఠాల సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. పాత నోట్లు, నాణేలు కొంటామని తన పేరు చెప్పి కమీషన్లు, పన్నులు అడిగేవాళ్ళను నమ్మొద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సివచ్చింది.

బ్రిటన్‌లో 1997 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. పొలంలో నాణెం దొరికినవాళ్ళు తమ ప్రాంతంలో అందుకోసమే నియమించిన అధికారికి చూపిస్తారు. ఆయన ఫొటో తీసి, బరువు తూచి, చోటు రాసుకుంటాడు. నిక్షేపం కిందకు రానిదైతే వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. మనం అంత పెద్ద ఏర్పాటు ఇప్పుడే చేయక్కర్లేదు. విజయవాడ బాపు మ్యూజియంలోనూ, జిల్లాల్లో ఉన్న మ్యూజియాల్లోనూ నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక బల్ల వేయండి. కంసాలి వాడే లాంటి తక్కెడ, దీపం, రిజిస్టరు చాలు. నాణేనికి రెండువైపులా ఫొటో, బరువు, ఊరి పేరు రాసుకుని రసీదు ఇవ్వాలి. కలెక్టర్‌కు తెలపాల్సినదైతే ఆ అర్జీ అక్కడే రాయించాలి. సర్వే నంబరు మాత్రం బయటపెట్టకూడదు. పెడితే మర్నాటికల్లా మెటల్ డిటెక్టర్లతో గుప్తనిధుల వాళ్ళు దిగుతారు.

మా సేకర్తల్లోనూ ‘ఎక్కడిది?’ అని అడక్కుండా కొనేవాళ్ళున్నారు, అడిగితే ధర పెరుగుతుందని. వాళ్ళూ ఆ బల్ల దగ్గరికి రావాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఈసారి నాణేలు దొరికిన వార్త వేసినప్పుడు కోట్ల లెక్క మానేసి, నాణెం రెండువైపులా ఫొటోలు పక్కన స్కేలు పెట్టి వేయండి. చదివి చెప్పేవాళ్ళు పాఠకుల్లోనే ఉంటారు. మ్యూజియం బల్ల దగ్గర కూర్చోడానికి సిబ్బంది చాలకపోతే మాలాంటివాళ్ళం జీతం లేకుండా వచ్చి కూర్చుంటాం. భూతద్దాలు మావే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త,
తెనాలి